బియ్యం కుండలో తొమ్మిది సీసాలు

నాను పోతమ్మని. జాలారిపేటలో నాతో బేరమాడి గెలిసినోల్లు లేరు. అలాటి నన్ను ఒక్క కాయితం ముక్క కూలబడేసింది.

ఎనబై మూడులో మాట. మా మావ, నా పెనిమిటి వీరన్న, కాలికి జెల్ల సేప ముల్లు దిగింది. పొగాకు కట్టుకుని మల్లీ ఏటకి ఎల్లిపోనాడు. నాలుగో రోజుకి మోకాలుదాకా పొంగిపోయి, జొరమొచ్చి, మనిషి తెలివిలో లేడు. ఊల్లో ఒక ప్రైవేటాసుపత్రిలో పడేసినాం. సూదిమందు సెలైనుతో నరంలోకి ఎక్కించాల, రోజుకి మూడు, పది రోజులు, మద్దిలో మానితే కాలు దక్కదని రమణమూర్తి డాక్టరుగారు సెప్పినారు.

నాలుగో రోజు బిల్లు కాయితం సేతికిచ్చినారు. నర్సమ్మ సదివింది, తొమ్మిదొందల అరవై అని. ఓలమ్మో! నెలంతా సేపల గంప మోసినా అంత డబ్బు కల్ల సూడను. కాలీ మందు సీసా ఒకటి కొంగున ముడేసుకుని మందుల షాపుకి పరిగెత్తినాను. అదే మందు, సీసా ఇరవై ఎనిమిది రూపాయలట. పన్నెండు సీసాలకి మూడొందల ముప్పై ఆరు. మిగతా ఆరొందలు ఎవుడు మింగీసినాడు? డాక్టరుగారి మీద ఇంతెత్తున లేసినాను. ఆయన కోప్పడలేదు. మంచానికింత, సెలైనుకింత, గొట్టానికింత, రేతిరంతా కాసుకున్న నర్సుకింత అని ఏల్లు మడిసి సెప్పినారు.

అప్పుడు బోదపడింది. మాకూ అంతే గదా. సేపల డబ్బులు పంచినప్పుడు పడవకో వాటా, వలకో వాటా తీసినాకే మనుసులకి. మందు సేపలాటిది, మిగతా బిల్లంతా పడవా, వలాను. మరైతే పడవ వాటా నానెందుకియ్యాల? కమ్మలమ్మి బిల్లు కట్టి, పద్దెనిమిది సీసాలు కొనుక్కుని మావని ఇంటికి తెచ్చీసినాను. మా ఈదిలో కాంపౌండరు నీలకంఠం పూటకింతని తీసుకుని ఎక్కించేవోడు. ఒక్కటీ మానొద్దని డాక్టరుగారు గుమ్మందాకా వొచ్చి మరీ సెప్పినారు.

మూడ్రోజులకి జొరం దిగింది, వాపు తీసింది. మావ లేసి గంజి తాగినాడు, నాతో సరసమాడినాడు. ఇంకా తొమ్మిది సీసాలున్నాయి. సేపలు ఎక్కువ పడితే పారబోత్తామేటి? ఉప్పేసి ఎండబెట్టి వానాకాలానికి దాసుకుంటాం. సముద్రం మీద బతికే మనిషికి ముల్లు మల్లీ దిగదని ఏటి నమ్మకం? డాక్టరుగారే సాలన్నారని నీలకంఠంతో అబద్దమాడి, సీసాలు బియ్యం కుండ అడుగున పెట్టీసినాను. నా తెలివికి నానే మురిసిపోనాను.

వారం తిరక్కుండా మల్లీ జొరం, కాలు నల్లబడింది. డాక్టరుగారి దగ్గరికే మోసుకెల్లినాం. కట్టిప్పి సూసి, మోకాలి కింద తీసీయాలన్నారు. బయల్దేరేటప్పుడే బియ్యం కుండలోంచి సీసాలు తీసి కొంగున కట్టుకున్నాను. కొంగు ముడి విప్పి తొమ్మిది సీసాలూ బల్ల మీద పెట్టినాను.

"ఇవున్నాయి బాబూ. ఇప్పుడెక్కించండి."

ఆయన ఒక్కోటీ లెక్కెట్టి, నాయేపు జరిపీసినారు.

"ఇది అప్పుడు ఎక్కాల్సిన మందు, పోతమ్మా. ఇప్పుడిక ఆ కాలికి అందదు."

మావ ఇప్పుడు ఒడ్డున కూకుని సిరిగిన వలలు బాగుసేత్తాడు. సీసాల సంగతి మావకి తెలీదు. అంత డబ్బు గుంజి కాలు కోసీసినాడని, వొచ్చినోల్లందరి దగ్గరా ఆ డాక్టర్ని తిడతాడు. నాను పక్కన కూకుని దారం అందిత్తా, అవునంటాను.