ఈదమ్మ గడప

మూడో వరుస సగానికి వచ్చేసరికి ఈదమ్మ నడుం పట్టేసింది. బోను తీగను పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ వంగి, వాలుగా దొర్లి వచ్చి అంచున ఆగిన గుడ్లను రెండేసి చొప్పున తీసి ట్రేలో పేర్చసాగింది. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పై బోనుల్లోంచి కోళ్ళు మెడలు చాచి ఆమె తలమీది కొంగును పొడుస్తున్నాయి.

"పొడువుండ్రి, పొడువుండ్రి. మీకింకేం పనున్నది?"

రోజు మొత్తంలో ఆమె మాట్లాడే మాటల్లో సగానికి పైగా కోళ్ళతోనే. పొట్టి మనిషి. షెడ్డు కింది పెంట ఘాటుకు కళ్ళ అంచులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. షెడ్డు నేలకు చల్లిన సున్నంలో నడిచి నడిచి మడమలు బీటలు వారాయి. ఒంటి వాసన ఎంత తోమినా పోదు. శామీర్‌పేట సంతకు ఆటోలో వెళ్తే పక్కన కూర్చున్నవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. మొదట్లో సిగ్గుపడేది. తర్వాత ఆటోలో ఓ మూలకు జరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు మేడ్చల్ దారి పొడుగునా ద్రాక్ష తోటలే. మొగుడు పందిళ్ళ కింద పురుగుమందు కొట్టేవాడు, ఆమె గుత్తులు కోసేది. మందు కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఒక్క ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. తోటలు పీకి ప్లాట్లకు రాళ్ళు పాతాక ఈ కోళ్ళ ఫారానికి వచ్చింది. దాణా గోదాము వెనక రేకుల గది ఒకటి ఇచ్చారు. అప్పటినుంచీ ఆమె కోళ్ళ ఈదమ్మ.

చిట్లిన గుడ్లు పనివాళ్ళకు. ఈదమ్మ వాటిని కొంగులో మూటగట్టుకుని గది దగ్గరికి వెళ్ళింది. గొళ్ళెం తీసే ముందు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అప్పుడు కాలితో మట్టిని అటూ ఇటూ చెరిపి తన అడుగుల గుర్తులు లేకుండా చేసింది. పాదం కింది మట్టి దొరికితే చాలంటారు, దాంతో మనిషిని మంచాన పడేయవచ్చు.

లోపల సాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు తెరుచుకోగానే కొంగు నోటిమీదికి లాక్కుంది.

శివరాత్రి వెళ్ళాక ఒక తెల్లవారుజామున ఈ మనిషి గోదాము వెనక గోనె సంచుల మధ్య ముడుచుకుని కనబడింది. ముప్పై దాటిన మనిషి. నోట్లో ముందుపళ్ళు లేవు, చిగుళ్ళు ఇంకా పచ్చి పుండ్లలా ఉన్నాయి. ఈ చుట్టుపక్కల పుట్టిపెరిగిన వాళ్ళెవరికైనా ఆ నోరు చూస్తే వేరే చెప్పక్కర్లేదు. బాణామతి చేస్తుందని ఊరు తేల్చిన మనిషికి పళ్ళు ఊడగొడతారు, మంత్రం పలకకుండా. పొరుగింటి కోడలు మాటిమాటికీ స్పృహ తప్పి పడిపోతోందని, దానికి కారణం సాలమ్మేనని ఎవడో చెప్పాడు. పటకారుతో పళ్ళు పీకారు. మర్నాడు కాల్చేస్తామన్నారు. ఆ రాత్రి మొగుడు పర్వతాలు ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు పరుగెత్తారు.

ఈదమ్మ బాణామతిని నమ్ముతుంది. ఆమె తల్లి నమ్మింది, ఊళ్ళో అందరూ నమ్మారు. అందుకే తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు పొయ్యిలో వేసేస్తుంది. సాలమ్మ చేతి వంట తినదు. గదిలో పడుకోదు, ఆరుబయట మంచం వేసుకుంటుంది. మరి ఎందుకు ఉంచుకున్నట్టు? అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆమె జవాబు వెతుక్కోలేదు. ఆ రోజు నీళ్ళిస్తే ఆ మనిషి గోడవైపు తిరిగి తాగింది, తన నోరు ఇచ్చినవాళ్ళకు కనబడకుండా. అది చూశాక 'పో' అనలేకపోయింది.

ఫారంలోకి బయటి మనుషులు రాకూడదు. కోళ్ళకు రోగాలొస్తాయని గేటు మీద బోర్డే ఉంది. తెలిస్తే ఈదమ్మ పని ఊడుతుంది. బయట తెలిస్తే సాలమ్మ ప్రాణం పోతుంది.

"జొన్న గటక జేసిన, మెత్తగుంటది. తిను."

"మల్ల గటకేనా చిన్నమ్మా? నీకు రొట్టె అంటే పానం గదా."

"నాకు పండ్లు నొస్తున్నయ్ లే" అంది ఈదమ్మ. ఆమె పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి.

సాలమ్మ గోడవైపు తిరిగి తింది. తింటూనే అడిగింది, రోజూ అడిగే మాటే. "ఫోనేమన్న వచ్చిందా?"

"రాలే."

పర్వతాలు పెద్దపల్లి అవతల ఇటుక బట్టీలో ఉన్నాడు. నమ్మకమైన చుట్టం ఒకరి ద్వారా ఈదమ్మ నంబరు తెలిసి, మేస్త్రీ ఫోను అడుక్కుని ఒక్కసారి మాట్లాడాడు. ఇక్కడ ఉండనిస్తారు, వచ్చెయ్ అన్నాడు. రావాలంటే బస్సెక్కాలి. కరీంనగర్ బస్సులన్నీ వాళ్ళ ఊరి అడ్డరోడ్డు మీద ఆగుతాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటుంది?

"ఎండ జబర్దస్తుగుంటదియ్యాల. కిటికి తెరిసి వెట్టుకో" అని చెప్పి ఈదమ్మ బయట గొళ్ళెం పెట్టింది. ఎండలు ముదిరాక తాళం వేయడం మానేసింది. రేకుల గది మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. కిటికీలోంచి చెయ్యి పెడితే లోపలి మనిషికి గొళ్ళెం అందుతుంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కోళ్ళ మీద నీటి తుంపర చల్లే గొట్టాలు ఆగిపోయాయి. ఫ్యాన్లు ఆగిపోయాయి. జనరేటరులో డీజిల్ లేదు. మేనేజరు బుల్లిబాబు, గోదావరి వైపు మనిషి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ బండి దగ్గరికి పరుగెత్తాడు.

"ఈదమ్మా, నేను మేడ్చల్ వెళ్ళి డీజిల్ పట్టుకొచ్చేస్తాను. కాస్త చూసుకుంటూ ఉండు, ఏం?"

"ఒక్కదాన్ని ఏ దిక్కని సూడాలె సారూ?"

"ఈ బీహారోళ్ళు ఇప్పుడే వెళ్ళాలా ఊరికి! వాళ్ళ పెళ్ళిళ్ళు మండా!" అంటూనే వెళ్ళిపోయాడు.

కాసేపటికి షెడ్డులో శబ్దం మారింది. కొక్కోకోలు అణిగి, వేల గొంతులు ఒక్కసారే ఎగశ్వాస తీస్తున్నట్టు ఒక మోత. నోళ్ళు తెరిచాయి. రెక్కలు దూరంగా పెట్టాయి. తలమీది ఎర్రటి జుట్టులు నల్లబడుతున్నాయి. ఈదమ్మ తొట్టిలోంచి బకెట్ ముంచుకుని షెడ్డు పక్కలకు వేలాడే గోనె పట్టాల మీద కొట్టింది, కోళ్ళమీద చల్లింది, మళ్ళీ పరుగెత్తింది. ఇటు వరుస తడిపేలోపు అటు వరుసలో ఒక కోడి మెడ వేలాడేసింది. తర్వాత ఇంకొకటి.

"పోతున్నయ్, అయ్యో పోతున్నయ్" అని ఎవరూ లేని షెడ్డులో అరిచింది.

అవతలి వరుసలో నీళ్ళు చల్లిన చప్పుడు. తలెత్తి చూస్తే సాలమ్మ. కొంగు నడుముకు దోపుకుని, రెండో బకెట్ పట్టుకుని ఉంది.

"నువ్వెందుకొచ్చినవే? లోపటికి పో!"

"సస్తున్నయ్ చిన్నమ్మా. నీకినబడ్తలేదా?"

ఇద్దరూ చెరో వరుసా పట్టుకున్నారు. ఎదురెదురు పడ్డప్పుడల్లా ఈదమ్మకు సాలమ్మ నోరు కనబడేది. రొప్పుతూ, తెరుచుకుని, కోళ్ళ నోళ్ళలాగే. అన్నేళ్ళలో ఆ షెడ్డులో ఆమె పక్కన ఆమె కోసం నీళ్ళు మోసిన మనిషి లేదు.

నీడ కాస్త తిరిగాక మోత తగ్గింది. చచ్చినవాటిని ఏరి గుంత దగ్గరికి మోశారు. సాలమ్మ తడిపిన వైపు కొన్ని, ఈదమ్మ తడిపిన వైపు కొన్ని. ఈదమ్మ గుంత అంచున నిలబడి రెండు కుప్పలూ చూసింది. తన కుప్పే కొంచెం పెద్దగా ఉంది. ఎందుకో ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే గుడ్ల లారీ వచ్చి ఆగింది. ముందు కూర్చున్న హమాలీ బాలేష్ కిందికి దూకి, తువ్వాలు దులుపుకుంటూ ఇటు చూశాడు. సాలమ్మ కొంగు లాక్కోవడం ఆలస్యమైంది.

ఆమె గదివైపు పరుగెత్తింది. బాలేష్ లారీ వెనక తలుపు దించి, గుడ్ల ట్రేలు మోయడం మొదలుపెట్టాడు. సగం లోడు అయ్యాక బీడీ ముట్టించుకుని ఈదమ్మ దగ్గరికి వచ్చాడు.

"పర్వతాలు పెండ్లాం గదా గామె."

"ఎవలు? మా అక్క బిడ్డ."

"నీకు అక్క యాడిదే ఈదమ్మా? నేను ఇన్నేండ్ల సంది వస్తున్న, నిన్ను సూడ ఒక్క కాకి గూడ రాలే."

ఆ మాట ఈదమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా నిలబడింది. "జెప్తవా ఊళ్ళె?"

"మాది వాళ్ళ పక్కూరే. ఇంకా దేవులాడుతుండ్రు ఆలుమగలిద్దర్ని." బీడీ పొగ వదిలాడు. "నేను జెప్ప. కని నేను తాగుత. తాగితే నా నోరు నా మాట ఇనదు. నా బిడ్డ పెండ్లి ముచ్చట, పిల్లగానోళ్ళు ఒప్పుకోకముందే ఊరంత జెప్పొచ్చిన. మా ఇంటిది గిప్పటికి తిడ్తది."

"అయితే తాగకు."

"ఇయ్యాల తాగ. రేపటిది నా చేతుల లేదు." బాలేష్ ఆమె మొహంలోకి చూడకుండా లారీవైపు చూశాడు. "ఇయ్యాల మా బండి పెద్దపల్లి దాక పోతది. డ్రైవర్ మా బామ్మర్దే. సీటు ఎనక పండుకుంటే ఎవలకు కనబడది. జల్దీ జెప్పు, పొద్దుగూకకముందే పోవాలె."

ఈదమ్మ గదికి నడిచింది. ఈసారి అడుగులు చెరపడం గుర్తు రాలేదు.

సంగతి చెప్పగానే సాలమ్మ లేచి నిలబడింది. కళ్ళు వెలిగిపోతున్నాయి. "పెద్దపల్లి దాకనా? నిజంగనా?" ఆ వెలుగు చూసి ఈదమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. నాలుగు రోజులు ఆగి పో, ఎండలు తగ్గినంక పో, అందామనుకుంది. ఈ గదిలో ఇంకొక మనిషి అలికిడి లేకుండా రేపు పొద్దున ఎలా తెల్లవారుతుందో ఆమెకు తెలుసు.

సాలమ్మకు సర్దుకోవడానికి ఏమీ లేదు. ఈదమ్మ ఇచ్చిన చీర ఒకటి మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చాక ఈదమ్మ "ఆగు" అంది.

డబ్బాలోంచి బియ్యం పళ్ళెంలో పోసింది. పసుపు వేసి రెండు చేతులతో కలిపింది. కలిపాక చేతులు ఆగిపోయాయి.

"నేను పొయ్యరాదు బిడ్డా. మొగడు సచ్చినదాన్ని."

ఆడబిడ్డను సాగనంపేటప్పుడు కొంగులో పోసే ఒడిబియ్యం ముత్తయిదువలు పోయాలి. పుట్టింటివాళ్ళు పోయాలి. సాలమ్మ పళ్ళెంకేసి చూసింది, తర్వాత ఈదమ్మకేసి చూసింది.

"నాకు పోసేటోళ్ళు ఇంకెవలున్నరు చిన్నమ్మా? నువ్వే పొయ్యి." కొంగు పరిచి పట్టింది.

ఈదమ్మ దోసిళ్ళతో పోసింది. ఒడిలో పెట్టడానికి ఎండుకొబ్బరి కుడుకలుండాలి, రవికె గుడ్డ ఉండాలి. ఏవీ లేవు. ఒక్క పరుగున షెడ్డులోకి వెళ్ళి ట్రేలోంచి రెండు మంచి గుడ్లు తెచ్చింది. ఇన్నేళ్ళలో చిట్లని గుడ్డు ఆమె ఇంటికి రావడం అదే మొదలు. వాటిని పసుపు బియ్యం మధ్యలో పెట్టింది.

సాలమ్మ ఒడిలోకి చూసుకుంది. పసుపు బియ్యం, గుడ్లు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. "గిది ఎవలన్న జూస్తే ఇగ ఖాయం జేస్తరు చిన్నమ్మా, మంత్రగత్తెనే అని!"

చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, బోసినోరు బార్లా తెరిచి నవ్వుతోంది. ఈదమ్మ కూడా నవ్వింది. పసుపు చేత్తో ఆ బోసినోటిని ఒకసారి నిమిరింది. "పో. బండి ఆగింది. పర్వతాలుకు గుడ్లు ఉడకబెట్టి పెట్టు."

బుల్లిబాబు అప్పటికి డీజిల్‌తో వచ్చి జనరేటరు నడిపించి, లారీ దగ్గర ట్రేలు లెక్క చూసుకుంటున్నాడు. షెడ్డులో తడిసిన రెండు బకెట్లనూ ఆయన చూశాడు. ఇప్పుడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఒడి ఎత్తి పట్టుకుని లారీవైపు నడుస్తున్న ఆడమనిషినీ చూశాడు. ఈదమ్మ ఆయనకూ లారీకీ మధ్యకు రెండడుగులు వేసింది.

"ఛ, లెక్క తప్పింది" అని బుల్లిబాబు లారీకి వీపు తిప్పి, గోడవారన ఉన్న ట్రేలను మొదటినుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బండి గేటు దాటేదాకా ఇటు తిరగలేదు.

కాసేపటికి లారీ మోత కరీంనగర్ రోడ్డు మోతలో కలిసిపోయింది. ఈదమ్మ సాయంత్రం దాణా వేసింది. తడి గోనెలు సర్దింది. కోళ్ళు కొంగు పొడిచాయి గాని ఆమె వాటితో ఏమీ మాట్లాడలేదు. పనంతా అయ్యాక, ఇంకేదైనా మిగిలిందేమోనని వెతికి, ఏమీ లేక గదికి వచ్చింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయింది. ఒడిబియ్యం పట్టిన ఆడబిడ్డ వెళ్ళేటప్పుడు, పుట్టిల్లు వట్టిపోకూడదని, ఒడిలోంచి కాసిని గింజలు తీసి గడప దగ్గర వదిలి వెళ్తుంది. తను షెడ్డుకు పరుగెత్తినప్పుడా, లేక బండి ఎక్కే తొందరలోనా, ఆ మనిషి ఎప్పుడు ఆ పని చేసిందో.

ఈదమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, తొక్కకుండా దాటింది. లోపలికి వెళ్ళి, ఇన్నాళ్ళూ బయట వేసుకున్న పక్కను తెచ్చి నేలమీద పరుచుకుని, గుమ్మంవైపు తిరిగి పడుకుంది. మసక వెలుతురులో గడప మీద పిడికెడు పసుపు బియ్యం.