నెమలికంఠం రంగు ఊలు

టైపిస్టమ్మది మహా జాగ్రత్త. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. అక్కకి స్వెట్టరు అల్లుదామని నెమలికంఠం రంగు ఊలు కొంటుంటే, కొట్టతను తొమ్మిది ఉండలు తీసుకోమన్నాడు.

"ఎనిమిది చాలు. ముప్ఫయ్యేళ్ళుగా అల్లుతున్నా, నాకా చెబుతావు?" అంది.

రెండో చెయ్యి సగంలో ఉండగా ఊలు అయిపోయింది.

అక్కతో మాటల్లేక మూడేళ్ళయింది. అమ్మ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటామాటా పెరిగి, "చచ్చినా నీ గడప తొక్కను" దాకా వెళ్ళింది. ఆ మాటన్నది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? స్వెట్టరు చేతిలో ఉంటే, అదిచ్చే వంకతో లోపలికి దూరిపోవచ్చు. కానీ అక్కకి రంగుల పిచ్చి. ఒక్క పోగు తేడా ఉన్నా గుమ్మంలోంచే పట్టేసి దెప్పుతుంది. అల్లిక నేర్పింది అక్కే మరి!

ఊలు ఒకే తొట్టిలో రంగు వేసిందయితేనే కలుస్తుంది. తొట్టి మారితే ఛాయ మారిపోతుంది. ఆ తొట్టిది కొట్టులో అయిపోయింది. మిల్లుకేమో కొత్తగా వేద్దామన్నా రంగే దొరకడం లేదట. ఐదు నెలలు ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ ధర ఓ మెట్టు ఎక్కేది, సరుకు మాత్రం దిగేది కాదు.

"ఈ ఉండ చూడండమ్మా, అచ్చం అలాగే ఉంది," అనేవాడు కొట్టతను.

"నీ కంటికీ నా కంటికీ అలాగే ఉంటుంది. మా అక్క కంటికి ఉండదు."

ఉసూరుమంటూ ఇంటికొచ్చి తాళం తీస్తే పలకరించే దిక్కు లేదు. రేడియోలో వార్తలతో పోట్లాడేది. సగం చేతి స్వెట్టరుని ఎదురు కుర్చీకి తొడిగి, దాని ముందు కూర్చుని అన్నం తినేది. ఇల్లు బావురుమంటోందని ఒప్పుకోవడానికి మాత్రం ససేమిరా.

చివరికి గోదాములో అదే తొట్టిది ఒక్క ఉండ దొరికిందని కొట్టతను ఫోన్ చేశాడు. మూడింతల ధర. కిక్కురుమనకుండా కొంది. రెండు రోజుల్లో చెయ్యి పూర్తయింది. అతుకెక్కడో తనకే తెలియలేదు.

అక్క తలుపు తీసి, ఎదురుగా నిలబడి, "ఎవరూ?" అంది.

"నేనే అక్కా."

"నీ దుంప తెగ! ఇన్నాళ్ళకా?" అక్క గాల్లోకి చేతులు చాచి, తడిమి తడిమి ఆమె భుజం పట్టుకుంది.

ఆమె స్వెట్టరు అక్క చేతుల్లో పెట్టింది. అక్క వరసల మీద వేళ్ళు నడిపించి, "బాగా కుదిరిందే. ఏ రంగు?" అంది.

"కనబడటం లేదా?"

"రెండు నెలలయింది పూర్తిగా పోయి. కాస్త ముందొస్తే నిన్ను చూసేదాన్నిగా."

"నెమలికంఠం," అంది చెల్లెలు.

"అందులోనూ బోలెడు ఛాయలుంటాయి. ఎలా ఉందో సరిగ్గా చెప్పవే."

ఐదు నెలలు కాచుకున్న రంగది. అదెలా ఉందో చెప్పడం ఆమెకి చేతకాలేదు. అక్క మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది.