ఇప్పచెట్ల కింద తెచ్చిన వేలిముద్రలు

ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు కాల్చిందని సోమక్క బుట్టను గార్డులు కాలితో తన్నారు. పువ్వంతా మట్టిపాలైంది. అరవై ఏళ్ల మనిషిని రెక్క పట్టి ముళ్లకంచె బయటికి ఈడ్చారు. అక్కడే ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని నిలబడ్డ మూడో గార్డు దుర్గేశ్. ఆమె సొంత తమ్ముడి కొడుకు.

"ఆకు తగలబెడితే భూమి వేడెక్కుతది, ఎరుకేనా ముసలీ?" అన్నాడొక గార్డు.

"మరి మీ పట్నంల బండ్లు పొగ గాక పాలు కక్కుతున్నయా?" అంది సోమక్క.

దుర్గేశ్ తేలు కుట్టిన దొంగలా మిగతా గార్డుల వెనక్కి జరిగాడు. అత్త అతని వైపు చూడలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ కంచె సంగతి ఇదీ. పట్నాన్ని ఏలే పెద్దలు తమ పొగకు విరుగుడుగా 'హరిత నగరం' అని ఒక పథకం రాశారు. పట్నంలో ఒక్క మోటారూ తగ్గలేదు, ఒక్క ఏసీ ఆగలేదు. మొక్కలు నాటడం మాత్రం ఎక్కడో రాష్ట్ర సరిహద్దులో, మరైగూడ అవతల ఉన్న ఈ ఊరి ఇప్పతోపు మీద పడింది. రెండు వందల ఎకరాల చుట్టూ తీగ లాగారు. అడిగితే, ఊరే ఒప్పుకుందని గ్రామసభ తీర్మానం చూపించారు. పాపం చేసేవాడొకడు, ప్రాయశ్చిత్తం మోసేవాడొకడు.

ఊరు ఎలా ఒప్పుకుందో దుర్గేశ్‌కు తెలుసు. పువ్వు రాలే నెలలో ఇక్కడ ఎవరూ సభకు రారు. ఎవరి చెట్టు కింద వాళ్లు ఉండకపోతే పువ్వు మేకలకే. అందుకని వార్డు పంచ్, అంటే వార్డు మెంబరు, రిజిస్టర్ పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి, హాజరు కింద వేలిముద్రలు తేవడం ఎప్పటినుంచో అలవాటు. నిరుడు పంచ్ దుర్గేశే.

"హాజరే కదా భాయ్, పైన తర్వాత రాసుకుంటం" అన్నాడు మొక్కల కాంట్రాక్టర్ దేవేంద్ర.

పైన ఏం రాశారో దుర్గేశ్ నెల తర్వాత చదివాడు. వారం తిరక్కుండానే గార్డు కొలువు వచ్చింది. నోరు మూసుకుని కొలువులో చేరాడు. అప్పటినుంచి తిన్నది వంటబట్టడం లేదు.

బుట్ట మట్టిపాలైన ఆ సాయంత్రమే సోమక్క ఇల్లిల్లూ తిరిగింది. "కంచే చేను మేస్తుంటే ఇంకెవలకు చెప్పుకుంటం? మనమే పోవాలె" అంది. ఎన్నడూ లేనిది, పువ్వు రాలుతుండగానే జనం చెట్లు వదిలేసి పంచాయతీ ముందు బైఠాయించారు. పథకం అధికారి వచ్చాడు, వెంట దేవేంద్ర, పోలీసు జీపు.

"రెండు వందల పన్నెండు వేలిముద్రలు. మీవి కావా?" అన్నాడు అధికారి.

"మావే సాబ్. సభకు మాత్రం మేం రాలే" అన్నాడు అదే పంచాయతీలోని పక్క గూడెం రైతు బిజ్జా.

"మీరు రాకుండా ముద్రలు నడిచొచ్చినయా?" దేవేంద్ర నవ్వాడు.

జనం భగ్గుమన్నారు. దోర్లీ, గోండీ, తెలుగు భాషల తిట్లు ఒక్కటయ్యాయి. కానీ కాగితం కాగితమే. గార్డుల వరసలో ఉన్న దుర్గేశ్ నోరు విప్పితే జైలు. విప్పకపోతే అత్త చెట్లు ఇక రావు. దుర్గేశ్ ఆకుపచ్చ చొక్కా విప్పి అధికారి బల్ల మీద పెట్టాడు.

"నిరుడు సభనే జరగలే సాబ్. ముద్రలు నేనే తెచ్చిన. పైన కాగితం ఖాళీగుండె. ఏం రాసిన్రో తెలిసినంక గూడ చెప్పలే."

క్షణంలో పోలీసులు అతని చేతులు విరిచి పట్టారు. దేవేంద్రను ఎవరూ ముట్టుకోలేదు. ఊరు ఊరంతా జీపుకు అడ్డంగా కూర్చుంది.

"మాఫ్ చెయ్ అత్తా" అన్నాడు దుర్గేశ్.

"చెయ్య. నీ తప్పుకు ఊరు కూసుంటది, దండుగ ఏస్తది. అది మా పని, గీళ్లది గాదు" అంది సోమక్క. అధికారి వైపు తిరిగింది. "వీన్ని తీస్కపోతే ఆ కాగితం రాసినోన్ని గూడ తీస్కపో. ఉత్త తీర్మానానికి ఏసిన కంచె మాకు కంచె గాదు."

లాఠీలు లేచాయి. దెబ్బలు పడ్డా ఎవరూ లేవలేదు. చివరికి జీపు దుర్గేశ్‌ను ఎక్కించుకుని వెనక్కి మళ్లి, పొలాల మీదుగా పోయింది.

వెనక అద్దంలోంచి దుర్గేశ్ చూశాడు. జనం గడ్డపారలతో పంచాయతీ పక్కనే ఉన్న కంచె వైపు నడుస్తున్నారు. అందరికంటే ముందు చేరిన సోమక్క మొదటి గుంజను పట్టుకుని ఊపుతోంది. ఆమె ఇటు తిరగలేదు.