ఐమూల గీత

విమానాలు మోసే యుద్ధనౌక డెక్కు మీద, దిగే విమానాలకు అడ్డంగా నిలబెట్టే వలను చూసుకోవడం అతని పని. అందుకే అందరూ ‘వల మామ’ అనేవారు. నిజానికి అతనికి ముప్పై రెండేళ్ళే. విమానం తోక కింది కొక్కెం డెక్కు మీది ఇనుప తీగల్లో ఒకదాన్ని పట్టుకుంటే, లీవరు నొక్కి వల దించాలి. పట్టుకోకపోతే చెయ్యి కదపకూడదు. వలకు అవతల అప్పటికే దిగిన విమానాలుంటాయి, వాటి మధ్య మనుషులుంటారు.

ఏడు నెలల కిందట ఒక విమానం తీగలన్నిటినీ తప్పి, బంతిలా ఎగిరి, వల మీదుగా దూకి ఆ మనుషుల మధ్య పడింది. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకడు అతని పై బెర్తులో పడుకునే మెకానిక్కు. వల నిలబడే ఉంది, నీ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. ఆ మాట అతనికి ఒంటబట్టలేదు. అప్పటినుంచి ఇంజను మోత చెవిన పడితే చాలు, అరచేతులు తడిసిపోయేవి.

తరవాత ఓడ మరమ్మతుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి డెక్కు ఎడమవైపు బయటికి పొడుచుకొచ్చింది. విమానాలు దిగడానికి ఓడ పొడవునా ఉన్న పాత గీతను చెరిపేసి, వెనక నుంచి ఎడమ అంచుదాకా ఐమూలగా కొత్త తెల్లగీత వేశారు. వల తీసేశారు. లీవరు ఉన్నచోట నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి.

కళ్ళజోడు ఇంజనీరు ఒకాయన భోజనాల గదిలో బల్ల మీద చెంచాను ఐమూలగా పెట్టి చూపించాడు.

“ఇక దిగేవాడికి ఎదురుగా ఏమీ ఉండదు. తీగ అందకపోతే మళ్ళీ ఎగిరిపోతాడు. అందుకే చక్రాలు తగలగానే ఇంజను పూర్తిగా పెంచెయ్యాలి.”

“ఆగడానికొచ్చినోడు వేగం పెంచడమేంటి సార్?” అన్నాడు వల మామ.

“ఆగుతాడో లేదో అప్పటికి తనకి తెలీదు కదా.”

ఆ కొత్త గీత మీద మొదట దిగబోయే పైలటు వల మామకు సొంత బావ, అక్క మొగుడు.

మర్నాడు పొద్దున బావ బట్టలు మార్చుకుంటుంటే అతను పక్కన చేరాడు.

“బావా, కడుపునొప్పని చెప్పెయ్యి. డాక్టరుతో నేను మాట్లాడతా.”

“నొప్పి నీకున్నట్టుంది కదరా! వెళ్ళి మాత్ర వేసుకో.” బావ నవ్వాడు. కానీ చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. వల మామ వాటిని విప్పి సరిగ్గా పెట్టాడు.

పది గంటలకు గాలి బాగా వీస్తోంది. వల మామను మంటలార్పే జట్టులో నిలబెట్టారు. బావ విమానం ఓడ వెనక చిన్న చుక్కలా కనబడి, చూస్తుండగానే పెద్దదైంది. చక్రాలు డెక్కుకు తగిలాయి. కొక్కెం మొదటి తీగను దాటింది, రెండోది, మూడోది. నిప్పురవ్వలు లేచాయి. చివరి తీగ కూడా పోయింది.

వల మామ కుడిచెయ్యి, ఇప్పుడక్కడ లేని లీవరు కోసం గాల్లో వెతికింది.

ఇంజను చెవులు చిల్లులుపడేలా అరిచింది. విమానం ఎడమ అంచు దాటి కిందికి జారి కనబడకుండా పోయింది. డెక్కు ఖాళీ. అవతల నీళ్ళు. అక్క మొహం కళ్ళ ముందు మెదిలింది. ఏమని చెప్పాలి, ఎలా చెప్పాలి?

అప్పుడు ఓడ ముందువైపు, అలలకు కాస్త పైన, రెక్క ఒకటి తళుక్కుమంది. విమానం బరువుగా, అయిష్టంగా పైకి లేచింది.

రెండోసారి మూడో తీగ దొరికింది. విమానం ఊగి ఆగిపోయింది. వల మామ నిచ్చెనెక్కాడు. బావ మొహం సున్నం కొట్టినట్టుంది.

“బెల్టు విప్పరా. నా వేళ్ళు పనిచెయ్యట్లేదు.”

అతని వేళ్ళూ పనిచెయ్యడం లేదు. నాలుగు చేతులు కలిసి తడుముకుంటే గానీ ఆ బెల్టు ఊడలేదు.

“కనబడకుండా పోయావు బావా.”

“నాకూ నీళ్ళు తప్ప ఇంకేం కనబడలేదు. చచ్చాననే అనుకున్నా.”

కిందికి దిగాక వల మామ డెక్కు ముందువైపు చూశాడు. నిలిపిన విమానాల దగ్గర మెకానిక్కులు తమ పనిలో తామున్నారు. లెక్కపెట్టాడు. పదకొండు మంది. పాత గీత మీదే దిగి ఉంటే ఆ విమానం నేరుగా వాళ్ళ మీదికే పోయేది. అతను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

తరవాత అధికారి దగ్గరికెళ్ళి, డెక్కు అంచున ఉండి తీగలు చూసుకునే జట్టులో వెయ్యమని అడిగాడు. ఆయన సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం బావ ఇంకో నాలుగుసార్లు దిగాడు. అంచు పక్కన మోకరించి ఉన్న వల మామ ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోలేదు. మూసుకోవడానికి భయమేసింది.