తెర లేని యంత్రం

మొగుడికి అక్షరం ముక్క అందకూడదనే చంద్రకాంతమ్మ ల్యాప్‌టాప్ వద్దంది. ఆ మొగుడు దొరస్వామి లెక్కలో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

ఆమె తిరుపతి అంధుల బడిలో టీచరు. 2005లో ఒక సంస్థ చూపులేని టీచర్లకు రెండింట్లో ఒకటి ఇస్తామంది: తెర మీది రాతను పైకి చదివే ల్యాప్‌టాప్, లేదంటే చేతిసంచిలో పట్టే బ్రెయిలీ యంత్రం. దానికి తెర ఉండదు. చుక్కలు పైకి లేస్తాయి, వేళ్లతోనే రాసుకోవాలి, చదువుకోవాలి.

“ల్యాప్‌టాప్ అయితే ప్రింటు తీయొచ్చు, నేనూ సూసుకుంటా గదా. దీంట్లో నాకేముండాది?” అన్నాడు దొరస్వామి అప్పట్లో.

“అందుకే,” అంది చంద్రకాంతమ్మ, చింతపండు పిసుకుతూ.

ఇప్పుడు ఆమె పోయి నెలయింది. యంత్రం తిరిగిచ్చేయమన్నారు సంస్థవాళ్లు. ఇచ్చేలోపు తన మీద ఏం రాసిందో తేల్చుకోవాలని, ఆమెతో పనిచేసిన జెస్సీని పిలిపించాడు. జెస్సీకీ చూపు లేదు.

“అక్క తనకోసం రాసుకున్నివి అన్నా...”

“నా పెండ్లామే గదమ్మా. సదువు.”

జెస్సీ వేళ్లు కదిలాయి.

“నాకొచ్చిన ఉత్తరాలన్నీ ఆయన గొంతులోనే విన్నాను. వంట, బడి, మళ్లీ వంట. చుట్టాలొస్తే ఉప్పు డబ్బా, కారం డబ్బా తారుమారు చేసి, నేను తడుముకుంటుంటే అందరినీ నవ్వించేవాడు. అది పోనీ. పూతలపట్టు నుంచి చెల్లెలు మునెమ్మ రాసిన కార్డు చదువుతూ ఒకచోట ఆగాడు. ఏమైందని అడిగితే, వానల సంగతిలే అన్నాడు. ఆ వారం ఆయన మేనకోడలి సీమంతం. అరవై మందికి వంట నాదే. వడ్డన ముగిశాక చెప్పాడు, అమ్మ పోయిందని. ‘అమ్మ నిన్నే తలుస్తాంది, బిరీన రమ్మని కార్డు రాస్తి గదక్కా’ అని మునెమ్మ ఏడ్చింది. ఆనాటి నుంచి ఆయన ఏం చదివినా, గొంతు ఎక్కడ ఆగుతుందా అనే విన్నాను.”

తరవాతి వరుస మీద జెస్సీ వేళ్లు నిలిచిపోయాయి. మీట గబగబా రెండుసార్లు నొక్కి, పిల్లల పరీక్షల గురించి చదవసాగింది.

“ఆడ ఏందో దాటేసినావే?”

“ఏం లేదన్నా. బడి సంగతి.”

అలా దాటేసే గొంతు దొరస్వామి ఎరుగును. యంత్రం లాక్కుని చుక్కల మీద వేళ్లు పెట్టాడు. గరుకు తప్ప ఏమీ తగల్లేదు.

“ఎత్తుకొని పో. ఇంకెప్పుడూ ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు.”