నడక మంచిదంట

క్రేన్ కేబిన్‌లో కూర్చుంటే చందు నోట మాట తడబడదు. పోర్టులో కంటైనర్లు దించే పని అతనిది. కింద నిలబడ్డవాళ్లకి వాకీటాకీలో చెప్పే ప్రతి మాటా సూటిగా, పొట్టిగా ఉంటుంది. ఆగు. దించు. ఎడమకి జరుగు. అక్కడ ఒక్క మాట మింగేస్తే కింద ఓ మనిషి నలిగిపోతాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

ఇంట్లో మింగేశాడు.

ఆ రోజు భార్య శ్రీసత్యని తీసుకుని అనూరాధ క్లినిక్‌కి వెళ్లాడు. అనూరాధ ఫిజియోథెరపిస్టు. మెడనొప్పులూ మోకాళ్లూ కాదు, గర్భిణులనీ బాలింతలనీ మాత్రమే చూస్తుంది. శ్రీసత్య కడుపుతో ఉన్నప్పుడు, మంచం మీద పక్కకి తిరగలేనంతగా నడుము కింద నొప్పి పట్టుకుంది. అప్పుడు పురుడు పోసే డాక్టరే ఇక్కడికి పంపింది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, రెండు కాళ్లూ కలిపి ఒకేసారి తిప్పడం, ఊపిరి వదులుతూ లేవడం. ఇంత చిన్న చిన్న పనులతో నొప్పి సగానికి సగం తగ్గింది. అప్పట్నుంచి శ్రీసత్యకి ఆవిడ మాటంటే గురి.

ఇప్పుడు పాపకి మూడో నెల. పాప బొద్దుగా పుట్టింది. పురిటి గదిలో శ్రీసత్య చాలాసేపు ముక్కింది. కుట్లు పడ్డాయి. కుట్లు మానాయి గానీ తుమ్మినా దగ్గినా బట్టలు తడుస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో జారిపోతున్నట్టు బరువు. ఈ మాట మొగుడికి చెప్పడానికే ఆమెకి వారం పట్టింది.

పరీక్ష అయ్యాక అనూరాధ చందుని కూడా లోపలికి పిలిచింది.

"పొత్తికడుపు అడుగున కండరాల పొర ఒకటుంటుందండీ. ఉయ్యాల కట్టిన చీర అనుకోండి. మూత్రాశయం, గర్భసంచి, పేగు, అన్నీ దాని మీదే కూర్చుంటాయి. కానుపులో ఆ చీర సాగిపోయింది. గర్భసంచి కాస్త కిందికి దిగింది. తొందరగా వచ్చారు కాబట్టి చాలా వరకూ వెనక్కి వస్తుంది. దానికి టైమివ్వాలి, అంతే."

తర్వాత శ్రీసత్యకి వ్యాయామం చూపించింది. ఊపిరి వదులుతూ లోపలికి, పైకి లాగాలి. ఆ తర్వాత పూర్తిగా వదిలెయ్యాలి. లాగడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. బిందెలూ బకెట్లూ ఎత్తకూడదు. పాపని ఎత్తుకునేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

"నడవొచ్చాండీ?" అని అడిగింది శ్రీసత్య.

"నడక మంచిది. ఇంటి చుట్టూ ఓ పావుగంట. బరువనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. నేను చూసి, మెల్లగా పెంచుతాను."

"గిరి ప్రదక్షిణ ఉందండీ. మా అత్తగారి మొక్కు."

అనూరాధ ఆమె కేసి, తర్వాత చందు కేసి చూసింది. "ఈ ఏడు వద్దు. ముప్పై కిలోమీటర్ల పైమాట అది. మీ ఆవిడ ఇప్పుడు మూడు కూడా నడవకూడదు. ఆ మాట ఇంట్లో మీరు చెప్పండి."

చందు తలూపాడు.

మొక్కు కథ చిన్నదే. పెళ్లయ్యాక శ్రీసత్యకి రెండుసార్లు కడుపు నిలవలేదు. చందు తల్లి మహాలక్ష్మమ్మ సింహాచలం ఎక్కి, గుళ్లోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, బిడ్డ పుడితే ఆ తల్లిని నీ కొండ చుట్టూ నడిపిస్తానని అప్పన్నకి మాటిచ్చి వచ్చింది. బిడ్డ పుట్టింది. ప్రదక్షిణ జరిగే ఆషాఢ పున్నమి దగ్గర పడింది.

క్లినిక్ బయట బండి తీస్తుంటే శ్రీసత్య అంది. "అత్తయ్యకి మీరే చెప్పాలండీ. నేను చెబితే, నడవడానికి బద్ధకించి డాక్టరు పేరు చెబుతోందనుకుంటారు."

"నేన్చెప్తాను."

"మొత్తం చెప్పండి. గర్భసంచి సంగతి కూడా."

"చెప్తానన్నాను గదా."

పెందుర్తిలో ఇల్లు చేరేసరికి మహాలక్ష్మమ్మ పెరట్లో పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద మనవరాలిని బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది.

"ఏట్రా, డాట్రమ్మ ఏటన్నాది?"

చందు నోరు తెరిచాడు. గర్భసంచి అన్న మాట పళ్ల దాకా వచ్చింది. తల్లి ముందు అలాంటి మాట అతనెప్పుడూ పలకలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ పలకలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ, అమ్మ నెలకోసారి గదిలోకి ఎందుకు రాదో కూడా అడగకుండా పెరిగినవాడు. చెవులు వేడెక్కాయి.

"బాగానే ఉందన్నాదమ్మా."

"నడవొచ్చంటనా?"

"నడక మంచిదంట."

"మరింకేటి. అప్పన్నే ఆవిడ సేత అనిపించాడు," అంది మహాలక్ష్మమ్మ. నూనె చేత్తోనే కొండ వైపు దణ్ణం పెట్టింది.

రేపు సరిగ్గా చెబుతాను అనుకున్నాడు చందు. ఈలోగా వంటింట్లో శ్రీసత్య అడిగింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"మొత్తం?"

"ఊఁ."

"ఏమన్నారు?"

ఇక్కడైనా ఆగి ఉండొచ్చు. చెప్పలేదు, సిగ్గేసింది అంటే శ్రీసత్య రెండు మాటలు అని, తనే వెళ్లి చెప్పేసేది. కానీ మొదటి అబద్ధం పక్కన నిలబెట్టడానికి రెండోది కావలసి వచ్చింది.

"మొక్కు మొక్కే అంది."

శ్రీసత్య చేతిలోని గరిటె గిన్నె అంచున పెట్టింది. ఉక్కునగరంలో, ఎవరి పని వాళ్లు చేసుకునే ఇంట్లో పెరిగిన పిల్ల. అత్త నోటి నుంచి అంత కరకు మాట ఎప్పుడూ వినలేదు. "సరే అయితే," అని మాత్రం అంది.

పోర్టులో ఓడల వెంట ఓడలు వచ్చాయి. చందుకి ఓవర్‌టైమ్ మీద ఓవర్‌టైమ్. చెప్పాల్సిన మాట రోజురోజుకీ బరువెక్కింది. చివరికి ఓ ఉపాయం దొరికిందనుకున్నాడు. కాస్త దూరం నడిపించి, ఎండ దెబ్బ అని చెప్పి ఆటో ఎక్కించేద్దాం. మొక్కు మొదలెట్టినట్టూ ఉంటుంది, ఎవరితో ఏమీ చెప్పనక్కరా లేదు.

ప్రదక్షిణ రోజు పాపని శ్రీసత్య పుట్టింట్లో వదిలి, మధ్యాహ్నానికి ముగ్గురూ కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టారు. జనం ఏరులా కదులుతున్నారు. గోవింద నామం కొండకి తగిలి వెనక్కి వస్తోంది. మహాలక్ష్మమ్మ చెప్పులు వదిలేసి ముందు నడిచింది. శ్రీసత్య వెనకే నడిచింది.

అడవివరం దాటేదాకా బాగానే ఉంది. ముడసర్లోవ దగ్గర ఆమె అడుగు చిన్నదైంది. చందు పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

"ఆటో పిలవనా? ఎండ దెబ్బ తగిలిందని అమ్మతో చెప్తాను."

"ఎందుకండీ. అన్నీ తెలిసే నడవమన్నారు కదా ఆవిడ. ఇప్పుడు ఎండ అంటే నమ్ముతారా? నాటకం అనుకుంటారు."

"కాదు, అమ్మ ఏమనుకోదు."

"అనుకోనావిడ మొక్కు మొక్కే అంటారా?"

తను ఆడిన అబద్ధం తన భార్య కాళ్లని ముందుకి తోస్తుంటే అతను పక్కన నడిచాడు. అసలు సంగతి ఇప్పుడు చెబితే రోడ్డు మీద, ఇంతమందిలో గొడవ. హనుమంతవాకలో చెబుదామనుకున్నాడు. హనుమంతవాక వచ్చింది. అక్కడ మహాలక్ష్మమ్మ ఎవరో ఇచ్చిన మజ్జిగ గ్లాసు కోడలి చేతికిచ్చి, "తాగమ్మా. నీ అంత ఓపిక నాకు నేకపోనాది ఆ వయసులో," అంది మురిసిపోతూ. శ్రీసత్య తాగింది. నవ్వలేదు.

సముద్రం ఒడ్డుకి చేరేసరికి ఎండ వాలింది. అప్పూఘర్ దగ్గర జనం నీళ్లలో మునిగి, తడి బట్టలతోనే మళ్లీ నడక అందుకుంటున్నారు. శ్రీసత్య రోడ్డు పక్క గోడ పట్టుకుని ఆగిపోయింది. ముఖం పాలిపోయి ఉంది.

"అత్తయ్యా, ఇంక నావల్ల కాదండి."

"కాళ్లు పీకుతున్నాయేటి? కూకో కాసేపు."

"కూర్చోలేనండి. కింద ఏదో బయటికి వచ్చేస్తున్నట్టుంది." నడిచినంతసేపూ కూడగట్టుకున్న మాటలవి. "తెలిసి కూడా నడవాల్సిందే అన్నారు. మీ మాట కాదనలేక ఇంత దూరం వచ్చాను. ఇంక మీరు తిట్టినా సరే."

అప్పుడే మునిగి వచ్చిన మహాలక్ష్మమ్మ చేతిలో తడి కొంగు అలాగే ఉండిపోయింది. "ఏటి తెలిసి?"

"గర్భసంచి దిగిందని. ప్రదక్షిణ వద్దని డాక్టరమ్మ అన్నారని. ఈయన మీకు చెప్పారు కదండీ."

ఇద్దరు ఆడవాళ్లూ చందు కేసి తిరిగారు. తల్లి చూపు అతనికి అర్థమైంది. భార్య చూపు అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఆమె కోపంగా చూడటం లేదు. లెక్క సరిచూసుకుంటోంది. ఇన్నాళ్లూ అత్తని తప్పుగా అనుకున్నాను, అయితే తప్పు ఎవరిది అని.

"నాతో ఏటి సెప్పినావురా నువ్వు?" అంది మహాలక్ష్మమ్మ. "నడక మంచిదన్నావు. అంతేనా?"



ఆవిడ మరి అతన్ని చూడలేదు. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్లని పిలిచి, చీర కొంగులు అడ్డం పట్టించి, కోడలిని గోడ చాటుకి తీసుకెళ్లింది. కాసేపటికి బయటికొచ్చి, "ఆటో సూడు. నిలబడతావేటి," అంది.

ఆ జనంలో ఆటో దొరకడం గగనమైంది. పక్క వీధులన్నీ పరిగెత్తి ఒకతన్ని పట్టుకొచ్చాడు. వెనక సీట్లో శ్రీసత్య అత్త ఒళ్లో తలపెట్టి ముడుచుకుని పడుకుంది. చందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. పాట మోగుతోంది. దాని మీంచి మహాలక్ష్మమ్మ గొంతు వినిపించింది. గొంతు తగ్గించే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"నిన్ను కన్నకాణ్నుంచి నాకూ ఇదేరా. గర్బసంచి జారిపోనాది. బిందె ఎత్తితే దిగిపోద్ది. బస్సులో దగ్గొత్తే సీర తడిసిపోద్ది. ఎవులికీ సెప్పనేదు. దీనికి వైద్దిగం ఉంటాదని తెల్దు. ఆడదాని బతుకింతే అనుకున్నాను."

డ్రైవరు పాట ఆపేశాడు.

"నువ్వు ఒక్క ముక్క సెప్పుంటే ఈ గుంటని గుమ్మం దాటనిత్తునా? మొక్కు నాది. అప్పన్న కాడికెల్లి సెంపలేసుకుని, ఏడాది ఆగు సామీ అందును. నానేటి రాచ్చసినా?"

"సిగ్గేసిందమ్మా."

"నీకు సిగ్గేత్తే, అది నడిసింది."

శ్రీసత్య కళ్లు మూసుకుని ఉంది. అత్త చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది.

మర్నాడు క్లినిక్‌లో అనూరాధ అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది చందుకి.

"దిగింది కానుపు వల్ల. అంతా నడకే చేసిందని నేననను," అంది. "కానీ ఇప్పుడు ఇంకా దిగింది. కష్టపడి బిగబట్టుకుని నడిచారు కదా, కింది కండరాలన్నీ పట్టేశాయి. ఇప్పటి నొప్పి అదే. ముందు వాటిని వదులు చెయ్యడం నేర్పాలి, ఆ తర్వాతే బలం. లోపల ఆసరాకి రింగు పెట్టించుకోవాలి, మీ డాక్టరుతో మాట్లాడతాను."

"తగ్గిపోతుందా అండీ?" అన్నాడు చందు.

"మొన్న నేను చాలా వరకూ వెనక్కి వస్తుందన్నాను. ఇప్పుడు ఎంతవరకూ వస్తుందో చూడాలి అంటున్నాను."

ఆ రెండు మాటల మధ్య దూరం ఎంతో అతనికి తెలుసు. తొలిపావంచా నుంచి సముద్రం దాకా.

క్షమించమని అడిగాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. "పోనీలెండి," అంది శ్రీసత్య ప్రతిసారీ. అన్నం వడ్డించింది. డ్యూటీకి వెళ్తుంటే బండి తాళం చేతికిచ్చింది. తన ఒంటి గురించి మాత్రం అతనితో మాట్లాడటం మానేసింది.

మాట్లాడేది అత్తతో. పొద్దున్నే పాప లేవకముందే ఇద్దరూ ముందు గదిలో చాప పరుచుకుని మోకాళ్లు మడిచి పడుకునేవారు. తలుపు ఓరగా ఉండేది. శ్రీసత్య చెబితే మహాలక్ష్మమ్మ ఊపిరి వదిలేది.

"బిగబట్టకండి అత్తయ్యా."

"బిగబట్టకపోతే ఎలాగే, అలవాటైపోనాది."

"పొట్ట కాదండీ, కింద. ఇప్పుడు వదిలెయ్యండి."

"అదే రాదు నాకు."

ఇద్దరూ నవ్వుకునేవారు. చందు గదిలో అడుగుపెడితే నవ్వు ఆగేది. కోపంతో కాదు. బయటివాడు వచ్చినప్పుడు ఆగినట్టు.

క్లినిక్‌కి కూడా వాళ్లిద్దరే. ఒకసారి అతను సెలవు పెట్టుకుని, బండి తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. "మీకెందుకండీ శ్రమ. అత్తయ్య కూడా చూపించుకోవాలి, ఇద్దరం ఆటోలో పోతాం," అంది శ్రీసత్య, అతని మనసు నొప్పించకూడదన్నంత మెత్తగా. మహాలక్ష్మమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆమె వెనకే వెళ్లింది.

చలికాలం వచ్చేసరికి దగ్గినప్పుడు తడవడం పోయిందని అతనికి తల్లి చెప్పింది. నొప్పి బాగా తగ్గిందని కూడా తల్లే చెప్పింది.

"మరి బరువు?" అని అడిగాడు.

మహాలక్ష్మమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. తలెత్తకుండా అంది. "సాయంత్రానికి ఉంటాదంట. రింగు తీసేత్తే ఉండనేదంట. ఇంకో కానుపంటే మాత్రం బాగా ఆలోసించుకోమన్నాది డాట్రమ్మ. మిగతాది దాన్నడుగు."

శ్రీసత్య గుమ్మంలో కూర్చుని పాపకి అన్నం తినిపిస్తోంది. చందు వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. తల్లి వింటోందని తెలుసు. గొంతు తగ్గించలేదు.

"గర్భసంచి ఇప్పుడెలా ఉంది సత్యా? డాక్టరమ్మ ఏమంది?"

శ్రీసత్య అతని కేసి చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. పాప నోటి చుట్టూ అంటిన మెతుకులు తుడిచి, ఇంకో ముద్ద కలిపింది.

"అత్తయ్య చెప్పారు కదండీ," అంది.