ఆగ్నేసమ్మ పటములోని తలారి

పుష్యమాస ప్రభాతంబున మంచుతెరల జీల్చుకొని వెలువడిన బాలభానుని కిరణములు పలనాటి జొన్నచేల వెన్నులపై తుహినబిందువులను వెలిగించుచు నల్లరాతి కోవెల గవాక్షముల బ్రవేశించి బలిపీఠముపై నూతనముగ నిలిపిన పటముమీద బడుచుండెను. అది అర్చ్యశిష్ట ఆగ్నేసమ్మ పండుగ. పదుమూడేండ్ల ప్రాయముననే క్రీస్తుపై విశ్వాసమును విడువనొల్లక రోమాపురమున ఖడ్గమునకు బలియైన యా కన్యకారత్నమును చిత్రించినవాడు ఆ యూరి ఇన్నయ్య. చిత్రింపించినవాడు మునసబు రాయపరెడ్డి.

రెండేండ్లకు బూర్వము ఇన్నయ్య చెల్లెలు తెరేజమ్మ నీళ్లకు బోయి వచ్చుచుండగా మునసబు దారికడ్డమై చేయిపట్టబోవ, నాబాల తప్పించుకొని పరుగిడి పాడునూత బడి మరణించెను. చూచినవారిద్దఱును ఆతని పాలేర్లగుటచే న్యాయస్థానమున నోరు విప్పరైరి. ఊరెల్ల నెఱిగిన యా యపవాదమును మాపుకొనుటకై మునసబు కోవెలకు బటము సమర్పింప దలచి, వేఱు చిత్రకారుడు దొరకమిచే ఇన్నయ్యకే కబురంపెను. ఇన్నయ్య మాఱుపలుకక యొప్పుకొనెను.

పూజానంతరమున స్వాములవారు పటముచెంత నిలిచి, ఆమె యొడిలోని గొఱ్ఱెపిల్ల నిష్కల్మషత్వమనియు, చేతిలోని ఖర్జూరపుమట్ట క్రీస్తుకై ప్రాణములర్పించి మృత్యువును గెలిచిన వేదసాక్షుల జయచిహ్నమనియు, భుజములపై నరుణవస్త్రము చిందిన రక్తమనియు బోధించుచుండిరి. జనుల చూపులన్నియు పటమున ఆమెపై ఖడ్గమెత్తిన తలారిమీదనే యుండెను. నొసటిపై గాటు, వంకరముక్కు, ఎడమకంటిక్రింద పులిపిరి. అది రాయపరెడ్డి ముఖమే.

మునసబు వెలవెలబోయెను. తీసివేయుడనినచో నది తన ముఖమని తానే యొప్పుకొన్నట్లగును. ఊరకున్నచో ప్రత్యాదివారమును దానిక్రింద మోకరింపవలయును. ఈ రెంటినడుమ వానిని బంధించుటయే ఇన్నయ్య పన్నిన పగ.

మూడవయేట రోగపీడితుడై కఱ్ఱయూతగ రాయపరెడ్డి ఇన్నయ్య యింటికి వచ్చెను.

“ఆ మొగం మార్చవయ్యా ఇన్నయ్యా. ఏం కావాలన్నా ఇస్తాను.”

“ఎవరి మొగమండీ?” అని ఇన్నయ్య యడిగెను. “పేరు చెప్పండి. ఎందుకు మార్చాలో కోవెల్లో పదిమంది ముందర చెప్పండి. ఆ క్షణమే మారుస్తాను.”

రాయపరెడ్డి కఱ్ఱ నూతగొని వచ్చినత్రోవనే తిరిగిపోయెను. మాసము తిరుగకమున్నే యాతని శవపేటికను ఆ పటముక్రిందనే దించిరి.

సమాధికార్యము ముగిసి జనులు చెదరినపిదప ఇన్నయ్య, కూతురు పోయిన నాటినుండి కోవెల గడప త్రొక్కని తల్లి అన్నమ్మను చేయిపట్టి తోడ్కొనివచ్చి పటముముందు నిలిపెను. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని చాలసేపు చూచెను.

“వాడు అచ్చం వాడేరా నాయనా,” అనెను. “పిల్లే మన తెరేజ కాదు.”

ఇన్నయ్య కన్యకవైపు తిరిగెను. చెల్లెలినే చిత్రించితినని యిన్నినాళ్లును నమ్మియుండెను. ఇల్లుచేరి బొగ్గుముక్క చేబట్టి సున్నపుగోడముందు నిలిచి, ఆమె కన్నులెట్టివో, నవ్వినపుడు చెంపలెట్లుండెడివో తలచుకొనబోవ, తోసినకొలది వంకరముక్కును పులిపిరియునే మనోనేత్రము ముందునకు వచ్చుచుండెను. అహోరాత్రములు శత్రువునే ధ్యానించిన చిత్తమున ఆప్తులకు చోటు మిగులదు. ప్రొద్దు వాలువఱకు నాతడట్లే నిలిచెను. బొగ్గు వ్రేళ్లనడుమ నలిగి పొడియై రాలిపోయెను. గోడ తెల్లగానే యుండెను.